సరంగు గారి రేవులు

మొదటి రోజు: నరసాపురం, అంతర్వేది

నరసాపురం రైలుకి నరసాపురమే ఆఖరు. పట్టాలు అక్కడితో అయిపోతాయి కాబట్టి స్టేషన్ దాటిపోతామన్న టెన్షన్ అక్కర్లేదు. అయినా అమ్మ భీమవరం రాకముందే సంచులు సర్దుకుని తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమంటే, "మీ నాన్నయితే ఆకివీడు నుంచే నిలబెట్టేవారు" అంది.

నాన్న పోయి ఏడాది. సంవత్సరీకం కోటిపల్లి రేవులో పెడదామన్నాడు అన్నయ్య. కాకినాడ నుంచి తనకి దగ్గర. మేము కూడా హైదరాబాద్‌లో కాకినాడ రైలెక్కితే తెల్లారేసరికి పని అయిపోయేది. అమ్మ ఒప్పుకోలేదు. "ఆయన తిరిగిన ఏర్లన్నీ దాటుకుంటూ వెళ్దాం. తర్వాత నన్నెవరు తీసుకెళ్తారు?" అంది. నాలుగు రోజులు సెలవు పెట్టి, పదమూడేళ్ల మా అబ్బాయిని బడి మాన్పించి బయల్దేరాను.

నాన్న పంటు సరంగు. రెండు పడవల్ని పక్కపక్కన పెట్టి, పైన బల్లలు పరిచి బిగిస్తే అది పంటు. మనుషులు, మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, గేదెలు, పెళ్లివారు, అందరూ దానిమీదే ఏరు దాటాలి. దాన్ని నడిపేవాడు సరంగు. ధవళేశ్వరం దిగాక గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిపోతుంది. వసిష్ఠలోంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నది కోనసీమ. అంటే కోనసీమ మనిషి బయటి ఊరికి వెళ్లాలంటే ఎటు తిరిగినా నీళ్లే. వంతెనలు రాకముందు పెళ్లిచూపులకైనా పెద్దాసుపత్రికైనా ముందు సరంగు మొహం చూడాల్సి వచ్చేది.

నరసాపురం రేవు నాన్న చివరి కొలువు. 2002 నుంచి మోకాళ్లు మొరాయించేదాకా, పదమూడేళ్లు ఇక్కడే. రేవు మారలేదు. అదే ఏటవాలు గట్టు, అదే డీజిల్ వాసన, బల్లల మీద మోటారు సైకిళ్లు ఎక్కుతుంటే వచ్చే అదే దడదడ. వసిష్ఠకి అవతల సఖినేటిపల్లి కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ వంతెన వస్తుందన్న మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను.

పంటు కదిలాక మా అబ్బాయి నా మోచెయ్యి గీకాడు. "అమ్మా, రేవు అక్కడుంటే ఈయన అటెక్కడికో పోతున్నాడేంటి?"

నిజమే. సరంగు చూపు ఎదుటి రేవు మీద లేదు. దానికి బాగా ఎగువన ఉన్న ఒక తాటిచెట్టు మీద ఉంది. వాడికి నేను చెప్పేలోపే అమ్మ అందుకుంది. ఏరు కిందికి లాగుతుంది, ఆ లాగుడు ముందే లెక్కేసుకుని పైకి పట్టాలి, అప్పుడు పంటు జారుకుంటూ వచ్చి సరిగ్గా రేవుకి తగులుతుంది. ఇక్కడ సముద్రం దగ్గర కాబట్టి పోటు వేళ నీరు వెనక్కి ఎక్కుతుంది. అప్పుడు లెక్క తిరగబడుతుంది, దిగువకి పట్టాలి. "పోటెప్పుడో పాటెప్పుడో మీ తాతయ్యకి గడియారం అక్కర్లేదు. గట్టు మీద తడి చూసి చెప్పేసేవారు."

వాడు నవ్వాడు. తాతయ్య ఒకసారి మా ఫ్లాట్‌కి వచ్చినప్పుడు సరదాగా హుస్సేన్‌సాగర్‌కి తీసుకెళ్లాం. నాన్న ఆ నీటి వంక చాలాసేపు చూసి, "దీనికి పోటూ పాటూ లేవా?" అని అడిగారు. లేవంటే జాలిపడ్డారు. తర్వాత బోటెక్కితే, బరువంతా ఒక పక్కనే ఉందని జనాన్ని లేపి అటూ ఇటూ సర్ది కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా వాడికి మాత్రం తాతయ్య అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అదే.

టికెట్ల దగ్గర ఇంకో సంగతి. రేవుకి ఏటేటా వేలం పాట పెడతారు, పాడుకున్నవాడిదే వసూలు. సరంగు జీతగాడు. సరంగు ఇంటివాళ్లని టికెట్ అడిగేవాళ్లెవరూ ఉండరు, కానీ నాన్న మాకు కొనేవారు. చిల్లర లెక్కపెట్టి గుమాస్తా చేతిలో పెట్టి, మాకు చీటీలిచ్చి, ఆ తర్వాతే ఎక్కమనేవారు. చిన్నప్పుడు నాకది పిసినారితనంలా, సరంగు కూతురన్న హోదా తీసేసినట్టుగా ఉండేది. ఒకసారి అలిగి పంటెక్కలేదు. నన్ను ఒడ్డున వదిలేసి వెళ్లిపోయారు, మళ్లీ ట్రిప్పులో వచ్చి ఎక్కించుకున్నారు. అప్పుడు కూడా టికెట్ కొనే.

సాయంత్రానికి అంతర్వేది చేరాం. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి ఇక్కడ లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, రథోత్సవం. ఆ మూడు నాలుగు రోజులు పంట్లకి రాత్రీ పగలూ తేడా ఉండేది కాదు. నాన్న ఇంటికి రాకుండా పంటు మీదే కునుకు తీసేవారు. అన్ని వేలమందిని కల్యాణానికి దాటించిన మనిషి ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క కల్యాణం చూడలేదు. మానేశాక చూద్దురుగాని అంటే, "జనంలో నలగలేను" అన్నారు. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయిందని తెలిసిన రోజు మాత్రం అన్నం ముట్టలేదు. తర్వాతి కల్యాణానికి కొత్త రథం తయారైంది. దాన్ని అమ్మ ఈరోజే చూసింది, నాన్న టీవీలో చూశారు.

అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచాం. వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు. సంతానం కోరి సప్తసాగర యాత్ర చేసేవాళ్లు పాయ పాయకీ స్నానాలు చేసుకుంటూ చివరికి వచ్చేది ఇక్కడికే. మేం వాళ్లకి తిరగేసి చేస్తున్నాం, చివర్నుంచి మొదటికి. అమ్మ కాళ్లు తడుపుకుని, "ఉప్పగా ఉంటాయి, కళ్లలో పడనీకు" అని మనవణ్ణి వెనక్కి లాగింది.

రెండో రోజు: గన్నవరం మీదుగా అమలాపురం

కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు రాజోలు కుర్రాడు, ఏమడిగినా "ఆయ్" తప్ప రెండో మాట లేదు. కోతలు అయిపోయాయి, చేలల్లో అక్కడక్కడ కుప్పలున్నాయి, రెండో పంట దాళ్వాకి నారుమళ్లు దున్నుతున్నారు.

తాటిపాక సెంటర్లో కారు ఆపించి అమ్మ ఒక వైపుకి చెయ్యి చూపించింది. పాశర్లపూడి అటే. 1995 జనవరి 8న అక్కడ గ్యాస్ బావిలో బ్లోఅవుట్ అయింది, గ్యాస్ తన్నుకొచ్చి అంటుకున్న మంట 65 రోజులు ఆరలేదు. అప్పుడు నాకు ఆరేళ్లు. ఆ ఏడు రేవు పాటలో ఏదో తగువొచ్చి నాన్న కొన్నాళ్లు వైనతేయ మీద ఇసుక పడవ నడిపారు, మేం ఇటువైపే అద్దెకుండేవాళ్లం. రాత్రుళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది. విమానం నెత్తిమీదే ఆగిపోయినట్టు మోత. దీపం లేకుండా వాకిట్లో కూర్చుని నేను పలక మీద రాసుకున్నానంటే మా అబ్బాయి నమ్మలేదు. "రాసింది నిజమే. అన్నీ తప్పులే" అంది అమ్మ.

పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు చూడటానికి దిగాం. వైనతేయ మీద కాటన్ దొర కాలంలో కట్టిన పాత అక్విడెక్టుకి 49 కమానులు. కింద ఏరు, పైన పంటకాలువ, ఒకదాని నీళ్లు ఒకదానికి తగలకుండా వెళ్లిపోతాయి. 1852 నాటికే అది తయారు. పక్కన 2000లో వచ్చిన కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వేళకాని వేళ వచ్చినవాడికి కూడా వండి పెట్టిన ఇల్లాలు, ఈ లంకల గన్నవరం ఆవిడే. ఏరు దాటి అలిసిపోయి వచ్చినవాళ్లు ఆవిడ అరుగు మీదే సేద తీరేవారట. ఆ తిన్నవాళ్లని దాటించిన పడవవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఇది నా మాట, అమ్మది కాదు. అమ్మకిలాంటి లెక్కలు నచ్చవు.

నాన్న మాత్రం గన్నవరం దాటినప్పుడల్లా ఒకటే అనేవారు. "చూడవే, నీళ్లకి ముందు వంతెన కట్టారు. మనుషులకి కట్టడానికి ఇంకో నూట యాభై ఏళ్లు పట్టింది."

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల బుట్టల్లో ఉడికిన ఇడ్లీలు, ఆ ఆకు వాసనే వేరు. మా వాడు ఆరు తిన్నాడు. కొబ్బరి మార్కెట్లో ధర కనుక్కుని అమ్మ అనవసరంగా బాధపడింది, మాకు ఒక్క చెట్టు లేదు. అమలాపురంలో లాడ్జి. దోమలు. ఆ రోజుకి అంతే.

మూడో రోజు: యానాం వంతెన

ఎదుర్లంక దగ్గరికి వచ్చేసరికి అమ్మ కారు ఆపమంది. "వంతెన నడిచి దాటతాను."

డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, గౌతమి ఇక్కడ చిన్న పాయ కాదు. వద్దంటే వినలేదు. కారుని యానాం ఒడ్డున ఆగమని చెప్పి ముగ్గురం పక్కన పట్టుకుని నడిచాం. లారీ పోయినప్పుడల్లా కాళ్లకింద వంతెన వణుకుతోంది. కింద కుడివైపు పాత రేవు ఉన్న చోట ఇప్పుడు వేటపడవలు రెండు కట్టేసి ఉన్నాయి.

నాన్న ఎక్కువకాలం పనిచేసింది ఈ రేవులోనే. పెళ్లయ్యాక వచ్చి చేరారు, వంతెన తెరిచేదాకా ఉన్నారు. నాకు తెలిసిన నాన్న ఈ రేవులో నాన్నే. లుంగీ పైకి కట్టి, చెవిలో ఆర్పేసిన చుట్ట ముక్క, అరుపు. మామూలుగా మాట్లాడినా అరుపే. ఇంజను మోతలో ఏళ్ల తరబడి మాట్లాడి గొంతు అలా స్థిరపడిపోయింది. బడిలో మేష్టారితో నా మార్కుల గురించి ఆ గొంతుతో మాట్లాడుతుంటే నేను బల్లకింద దాక్కోవాలనిపించేది. ఓర్పు తక్కువ. బరువు ఎక్కువైందని పంటెక్కిన పెద్దమనుషుల్ని కూడా దింపేసేవారు, దానివల్ల పాటదారుతో గొడవలు, ఇంట్లో విసుగు.

1996 నవంబరు 6 రాత్రి. తుపాను కాకినాడకి దిగువన తీరం దాటింది. మధ్యాహ్నమే గాలి తేడాగా ఉందని పంటుని రేవులోంచి తీసి మురుగుకాలువ మొగలోకి తోలి, రెండు గట్ల మీది తాడిచెట్లకి మోకులు కట్టి, తను అందులోనే ఉండిపోయారు. మేం బడి భవనంలో. తెల్లారి చూస్తే ఊళ్లో కొబ్బరిచెట్లు మెడలు విరిగి ఒకే వైపు పడి ఉన్నాయి. వెయ్యిమందికి పైగా పోయారు ఆ రాత్రి. నిన్న దారంతా అందంగా ఉన్నాయని మా అబ్బాయి ఫొటోలు తీసిన తోటల్లో చాలా చెట్లు ఆ తర్వాత నాటినవే. నాన్న మూడు జాముల పొద్దెక్కాక వచ్చారు, అరచేతుల్లో తోలు లేదు. పంటు దక్కింది. వచ్చీ రాగానే అరిచారు, బడి కిటికీలు సరిగ్గా ఎందుకు మూయలేదని.

వంతెన సగంలో అమ్మ ఆగి పిట్టగోడ మీద చెయ్యి వేసింది. ఆయాసం అనుకున్నాను. ఎనభయ్యారు వరదల సంగతి ఎత్తింది.

అది మా ఇంట్లో పాత కథే. 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు 16వ తారీఖున 35 లక్షలు దాటింది. అమ్మ పురిటికి ద్రాక్షారామంలో పుట్టింట్లో ఉంది, అంటే గౌతమికి ఆవలి ఒడ్డున. నాన్న ఎదుర్లంక వైపు. లంకల్లో జనం ఇళ్ల కప్పుల మీదికెక్కితే వాళ్లని దింపి గట్టు మీదికి చేర్చే పనిలో ఉన్నారు. అన్నయ్య ఆ వారంలోనే పుట్టాడు. నాన్న ఆరో రోజుకి వచ్చి చూశారు.

"ఊళ్లవాళ్లందర్నీ దాటించారు. తను మాత్రం దాటి రాలేకపోయారు" అని అమ్మ ఏ పండక్కో పబ్బానికో అంటూ ఉండేది. నాన్న అప్పుడు మాత్రం అరిచేవారు కాదు, లేచి వాకిట్లోకి వెళ్లిపోయేవారు. నేను అమ్మ సాధింపు అనుకునేదాన్ని.

2002లో ఈ వంతెన తెరిచిన రోజు నాకు బాగా గుర్తు. దీనికోసం పాటుపడ్డ లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు ఆ మార్చిలోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, వంతెనకి ఆయన పేరే పెట్టారు. రేవులో పనిచేసేవాళ్ల మొహాలు చచ్చిపోయి ఉన్నాయి. కళాసీలు, గుమాస్తా, గట్టు మీద టీకొట్టు ఆవిడ, అందరి బతుకూ పంటు మీదే. నాన్న మాత్రం తెల్ల పంచె కట్టి, ఇస్త్రీ చొక్కా తొడిగి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడిచి వెళ్లి మళ్లీ నడిచి వచ్చారు. "కూడు పోతుంటే ఊరేగుతున్నాడు" అని వెక్కిరించారు. నాకూ సిగ్గేసింది. రెండు నెలలు ఇంట్లో పని లేదు, తర్వాతే నరసాపురం.

ఇదంతా నాకు తెలుసు. తెలియంది ఇప్పుడు అమ్మ చెప్పింది.

"వెక్కిరించినవాళ్లతో అన్నారట. రాత్రి పంటు ఆగిపోయాక అవతల ఒడ్డున నొప్పులు పడే మనిషి ఏం కావాలిరా, నా కూడు పోతే పోయిందిలే అని. టీకొట్టు ఆవిడ చెప్పింది."

"నీతో అనలేదా?"

"నాతో ఎందుకంటారు?"

మా అబ్బాయి పిట్టగోడ మీంచి వంగి నీళ్లలోకి చూస్తున్నాడు. వాణ్ణి వెనక్కి లాగి అమ్మ నడక మొదలుపెట్టింది. అవతల చివరిదాకా మళ్లీ ఆగలేదు.

యానాంలో డ్రైవరు ట్యాంకు నింపించుకున్నాడు, పుదుచ్చేరి ధర కదా. 1954 దాకా ఇక్కడ ఫ్రెంచివాళ్లున్నారని, ఊరు ఇప్పటికీ పుదుచ్చేరి కిందే ఉందని చెబితే మా వాడు ఫోన్లో మ్యాపు తెరిచి సరిహద్దు వెతుక్కుంటూ కూర్చున్నాడు. రాత్రికి ద్రాక్షారామంలో మావయ్య ఇల్లు. తెల్లారితే సంవత్సరీకం కాబట్టి చప్పిడి భోజనం. మావయ్యా అమ్మా కలిసి నాన్నకి పండుగప్ప పులుసు ఎంత ఇష్టమో, అందులో తలకాయ కోసం బావమరుదులిద్దరూ ఎలా పోట్లాడుకునేవారో చెప్పుకుంటూ పప్పూ అన్నం తిన్నారు.

నాలుగో రోజు: కోటిపల్లి

మార్గశిరం మంచు. కోటిపల్లి రేవులో నీళ్లెక్కడ మొదలయ్యాయో తెలియలేదు. అన్నయ్యా వదినా చీకటితోనే వచ్చేశారు. పిండాలకి కావలసినవన్నీ వదిన డబ్బాల్లో సర్ది తెచ్చింది. లేనిది పురోహితుడు ఒక్కడే. ఆయనది ముక్తేశ్వరం వైపు ఊరు, పంటు మీద రావాలి, మంచుకి పంటు కదలదు.

అన్నయ్య గడియారం చూసుకోవడం, ఫోను చేయడం, గట్టెక్కడం, దిగడం. ఇక్కడివాణ్ణే పిలుచుకోవాల్సిందని వదిన. అమ్మ మాత్రం మెట్ల మీద కొంగు కప్పుకుని హాయిగా కూర్చుంది. "మంచు విడకుండా మోకు విప్పిన సరంగు సరంగే కాదు. రానివ్వండి" అంది. అన్నయ్యకి ఒళ్లు మండింది. "నాన్న కార్యానికి కూడా పంటు కోసం కాసుక్కూర్చోవాలా!" అన్నాడు. అని, తనే నవ్వేశాడు. వరదల్లో పుట్టినవాడికి ఆ మాత్రం అలవాటే.

నాన్న ఈ రేవులోనే మొదలు. పన్నెండేళ్లకి గడ పట్టారు. అప్పట్లో పంటుకి ఇంజను లేదు, లోతు తక్కువైన చోట గడ, లోతులో తెడ్డు, గాలి కలిసొస్తే తెరచాప. వాళ్ల నాన్న ఇక్కడే మూటలు మోసేవాడు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వేశారు, రైల్లో దిగిన సరుకు పడవల్లోకి ఎక్కించే పని. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పట్టాలు పీకేశారు. మూటలు పోయి పడవ మిగిలింది, మా ఇంటివాళ్లు అలా ఏట్లోకి దిగారు. పట్టాలు మళ్లీ 2004లో వేశారు. ఇప్పుడా లైను నరసాపురం దాకా పొడిగించడానికి గౌతమిలో స్తంభాలు లేచాయి. ఎనిమిదిన్నరకి మంచులోంచి ముందు కనిపించినవి అవే, కింద నీళ్లు లేనట్టు గాల్లో వరసగా.

తర్వాత ఇంజను చప్పుడు. పురోహితుడు దిగుతూనే, "నా తప్పేం లేదండోయ్" అన్నాడు.

కార్యం గంటన్నరలో అయిపోయింది. అన్నయ్య పిండాలు నీళ్లలో వదిలాడు. సోమేశ్వరుడి గుళ్లో దీపం పెట్టాం. ఇంక బయల్దేరదామంటే అమ్మ మళ్లీ రేవు వైపు తిరిగింది. ముక్తేశ్వరం దాకా ఒక్కసారి వెళ్లి రావాలట. అన్నయ్య ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. అయిదుగురం ఎక్కాం.

టికెట్లు కొట్టే కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి. అమ్మ కొంగు ముడి విప్పి తనే డబ్బులు తీసింది. "మా ఆయన చిన్నప్పుడు ఈ రేవులోనే గడ వేసేవారు బాబూ" అంది. "ఆయ్" అన్నాడు కుర్రాడు, చీటీలు చింపి ఇచ్చి పక్కవాళ్ల దగ్గరికి పోయాడు. అమ్మకి అది సరిపోయినట్టే ఉంది.

మా అబ్బాయి సరంగు పక్కన చేరాడు. ఎదుటి ఒడ్డుని కాదు, ఎగువన చెట్ల వరసని చూస్తున్నాడు. కాసేపటికి, "ఆ రెండు కొబ్బరిచెట్ల మధ్యకి కదండీ?" అని అడిగాడు. సరంగు వాడివంక చూసి, "ఇంకొంచెం పైకి. నీరు లాగుతోంది ఇయ్యాల" అన్నాడు.

ముక్తేశ్వరంలో దిగాక అందరం గట్టెక్కేశాం. అమ్మ కింద పంటు దగ్గరే నిలబడి ఉంది. వెనక్కి వెళ్లాను. కుర్రాడు ఇరవై రూపాయలు చిల్లర బాకీ.

"తిరుగు ట్రిప్పులో ఇస్తానండి, మీరు మళ్లీ ఎక్కుతారు కదా."

"తిరుగు ట్రిప్పుకి వేరే టికెట్టు కొంటాం. ఇది దీని లెక్క. ఇప్పుడే ఇయ్యి" అంది అమ్మ.

కుర్రాడు నా వైపు చూశాడు. నేనేం అనలేదు. వాడు పంటు మీదికి వెళ్లి, సరంగు జేబులోంచి రెండు పదులు అప్పు తెచ్చి ఇచ్చాడు. అమ్మ అవి రెండూ విప్పి చూసి, మడిచి, కొంగున ముడేసుకుంది.